హీటరు మనకెందుకని

జనగామ,
దసరా వెళ్లిన శుక్రవారం

అక్కా,

కారు తయారైంది. మీ వీధి సంతోష్ చేతికి తాళంతో పాటు ఈ ఉత్తరం కూడా ఇస్తున్నాను. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని నువ్వు నవ్వుతావు. ఫోన్ చేస్తే నువ్వు "అంత మంచిగనే ఉన్నం" అంటావు, నేను "సరే అక్కా" అంటాను, అంతటితో మాట అయిపోతుంది. పైగా ఆడబిడ్డ ఇంటికి ఏ వస్తువు పంపినా వెంట రెండు ముక్కలు రాసి పెట్టాలని నాయిన చేసిన అలవాటు మనిద్దరికీ పోలేదు కదా.

ఇక కారు సంగతి. రేడియేటర్‌లో నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయో తెలిసింది. ఇంజన్ నుంచి లోపలి హీటరు డబ్బాకు రెండు రబ్బరు పైపులు వెళ్తాయి. ఒకటి వేడినీళ్లు తీసుకుపోతుంది, ఇంకోటి తిరిగి తెస్తుంది. అవి నాయిన కారు కొన్ననాటివే అయ్యుంటాయి. క్లిప్పుల దగ్గర ఉబ్బిపోయి, మధ్యలో బీటలు వారి, వేలితో నొక్కితే పెచ్చులు రాలుతున్నాయి. కొత్తవి తెప్పిద్దామంటే మా స్పేర్‌పార్టుల షాపు పక్క మెకానిక్ యుగేందర్ నవ్వాడు. "ఏంది సేటూ, మనదేమన్న సిమ్లనా? గీ ఎండల హీటరు ఎవడేస్కుంటడు? రెండు మూతులు కలిపేస్త, పీడ పోతది" అన్నాడు. ఈ చుట్టుపక్కల పాత బండి ఏదొచ్చినా అందరూ చేసేది అదే. చిన్న పైపు ముక్కను వంచి ఇంజన్ మీదే రెండు మూతులకూ బిగించాడు. నీళ్లు ఇక హీటరు దాకా పోవు, కారవు. నువ్వు నిశ్చింతగా ఉండొచ్చు.

ఒక్కటి అడగనా? వెనుక సీటు ఏమైంది? కారంతా సాంబారు వాసన. యుగేందర్ బానెట్ ఎత్తకముందే "ఆకలైతాంది సేటూ" అన్నాడు. బావ కిరాణం పక్కన పెట్టి కారులో వంట మొదలుపెట్టాడా ఏమిటి?

అసలు కబురు చివరికి దాచాను. సుమకు మానుకోట నుంచి సంబంధం వచ్చింది. అభినవ్ అని, బీటెక్ చదివి వాళ్ల నాయినతోనే వ్యాపారం చూసుకుంటున్నాడు. పప్పులు, మిర్చి హోల్‌సేల్. తల్లి స్వరూపమ్మ మాట కచ్చితంగా ఉంటుంది, కానీ మనిషి మంచిదే. కుదిరిందంటే మేనత్తవు, నీ చేతుల మీదే అన్నీ జరగాలి.

నీ తమ్ముడు,
భాస్కర్

*

భూపాలపల్లి,
ఆదివారం

చిరంజీవి తమ్ముడు భాస్కర్‌కు,

కారు చేరింది. కడిగించి మరీ పంపావు. సంతోష్ దిగుతూనే "కొత్త బండి లెక్క చేసిండ్రు అక్కా మీ తమ్ముడు" అన్నాడు. నువ్వు చేసిన పనికి ఏమని చెప్పాలో తెలియడం లేదు.

సుమ మాట విని కడుపు నిండింది. నా ఒళ్లో కూర్చుని చెవిపోగు నోట్లో పెట్టుకున్న పిల్ల. మానుకోట వాళ్లంటే అందరూ మంచిగానే చెబుతారు. కుదరాలని మొక్కుకున్నాను.

వెనుక సీటు బస్తాలకు అడ్డమని బావే తీయించాడు. సాంబారు అంటావా, బతుకమ్మ నాడు ఒకరింటికి గిన్నె తీసుకెళ్తుంటే ఒలికింది. నీ ముక్కుకు అన్నీ కావాలి.

ఒక మాట. ఆ హీటరు మళ్లీ పెట్టించడానికి వీలవుతుందా? పని చేయించుకుని పైనుంచి వంక పెడుతోందని అనుకోకు. బావకు ఈ మధ్య చలి అసలు పడడం లేదు. ఇక్కడి చలి జనగామ చలి కాదు. పైపులు దొరికితే బస్సు పార్సిల్‌లో వేయి, ఇక్కడ సాంసన్ అని మెకానిక్ ఉన్నాడు, ఆయన బిగిస్తాడు. తొందరేం లేదు. చలి ముదరకముందు అయితే చాలు.

మరదలు రాజమణిని అడిగానని చెప్పు.

మీ అక్క,
యమున

*

జనగామ,
కార్తీక పున్నమి వెళ్లాక

అక్కా,

బావకు చలి ఎప్పటినుంచి? మీ పెళ్లి రాత్రి అంత చలిలో పందిట్లో ఉత్త బనీనుతో పడుకున్న మనిషి! మంచి స్వెట్టరు పంపిస్తాను, హీటరు కంటే అదే నయం.

పైపుల సంగతి అంత సులువు కాదు. ఆ మోడల్ పైపు వంపుతోనే అచ్చుపోసి వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. మామూలు తిన్నని పైపు వంచి వేస్తే మూల దగ్గర మడతపడి నీళ్లు ఆగిపోతాయి, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. హైదరాబాదులో చెప్పి పెట్టాను, చూద్దాం.

మొన్న మానుకోట వాళ్లతో కాళేశ్వరం వెళ్లొచ్చాం. రాజమణికి జ్వరం, సుమకు పరీక్ష, అందుకని నేనొక్కడినే వాళ్ల కారులో వెళ్లాను. దర్శనం బాగా జరిగింది. గోదావరిలో స్వరూపమ్మ దీపం వదిలి సుమ పేరు కూడా చెప్పిందట. ఇక సంబంధం కుదిరినట్టే అనుకో.

భూపాలపల్లి దాటేసరికి ఇంకా తెల్లారలేదు. పడుకున్నవాళ్లను లేపడం ఎందుకని ఆగలేదు. ఏమీ అనుకోకు. దర్శనానికి ఆలస్యమవుతుందని వాళ్లు కూడా తొందర పెట్టారు.

తెల్లవారుజామున బయట తిరగకు అక్కా. ఈ చలి మంచిది కాదు.

భాస్కర్

*

భూపాలపల్లి

భాస్కర్‌కు,

దర్శనం బాగా జరిగిందన్నావు. సంతోషం. మమ్మల్ని లేపలేదన్నావు, అదీ మంచిదే.

పైపులు దొరికాయా? ఇక్కడ మంచు మొదలైంది. పొద్దున రోడ్డు మీద ఎదుటి మనిషి కనిపించడం లేదు. దొరికితే పంపు.

యమున

*

జనగామ,
డిసెంబరు మొదటి వారం

అక్కా,

కుదిరింది! మాఘంలో నిశ్చితార్థం. ఫంక్షన్ హాలు మాట్లాడేశాను. రాజమణి నీకు పట్టుచీర తీసింది, మెరూన్ రంగు, పచ్చ అంచు. నీకు నచ్చకపోతే తిట్లు నాకు తినిపించకుండా ముందే చెప్పు.

ఒక చిన్న విషయం. వాళ్ల చుట్టాలు అందరి గురించీ అడుగుతారు కదా, బావ గురించి అడిగితే భూపాలపల్లిలో కిరాణం హోల్‌సేల్ అని చెప్పాను. పెద్ద అబద్ధమేం కాదు, ఒకప్పుడు చేసిన పనే. నువ్వూ బావా కూడా అదే మాట మీద ఉంటే సరిపోతుంది. పెళ్లిళ్లలో ఇట్లాంటివి మామూలే, నీకు నేను చెప్పాలా?

పైపులు ఇంకా దొరకలేదు. ఆ పాత కారును ఈ చలిలో పొద్దున్నే బయటికి తీయడం ఎందుకక్కా? నిశ్చితార్థం అయ్యేదాకా ఇంటి ముందే ఉంచు. ఆ తర్వాత నేనే వచ్చి అన్నీ మంచిగా చేయిస్తాను. నా మాట విను.

భాస్కర్

*

భూపాలపల్లి,
క్రిస్మస్ వెళ్లిన మూడోనాడు

భాస్కర్‌కు,

ముందే చెబుతాను, బావ బాగానే ఉన్నాడు, నేనూ బతికే ఉన్నాను. నేను ఒక మనిషిని కారుతో గుద్దాను. పేరు కొమురెల్లి. పాలు పోసే ముసలాయన. కుడి కాలు తొడ దగ్గర విరిగింది. దవాఖానలో ఉన్నాడు.

నీకు అంతా చెప్పాలి. చెప్పకుండా ఎక్కడినుంచి మొదలుపెట్టినా అబద్ధమే అవుతోంది.

మా కిరాణం మూసి రెండేళ్లయింది. బావకు షుగరు కళ్లకు వచ్చింది. తూకం కనిపించేది కాదు. కందిపప్పు అడిగితే పెసరపప్పు కట్టేవాడు. జనం మొదట నవ్వారు, తర్వాత రావడం మానేశారు. షట్టరు దించిన రోజు బావ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పండక్కి జనగామ వచ్చినప్పుడల్లా ఆయన మంచి చొక్కా వేసుకుని వ్యాపారం గురించి మాట్లాడేవాడు చూడు, ఆ రెండు గంటలు ఎట్లా గడిపేవాడో నాకు తెలుసు.

పొద్దున బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకూ, రాత్రి షిఫ్టు చేసి పైకి వచ్చేవాళ్లకూ టిఫిన్ కావాలి. ఇంట్లో ఇడ్లీ వండి, వెనుక సీటు తీసిన చోట సాంబారు గిన్నె, చట్నీ బకెట్టు, ఇడ్లీ డబ్బాలు పెట్టుకుని బాయి గేటు దగ్గరికి వెళ్తాను. డిక్కీ ఎత్తి అక్కడే అమ్ముతాను. నాయిన పట్టుబట్టి నేర్పిన డ్రైవింగ్ ఇందుకు పనికొచ్చింది. సేట్ల ఇంట్లో పుట్టిన పిల్ల గేటు కాడ గరిటె పట్టుకుని నిలబడిందని మీకు చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మేటప్పుడు సిగ్గు లేదురా. బాయోళ్లు "అక్కా ఇంక రెండు ఎయ్యి" అని అడిగి తింటుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. మీకు చెప్పాలనుకుంటేనే సిగ్గు.

ఇప్పుడు హీటరు సంగతి. వేడివేడి సాంబారు, ఇడ్లీ కారులో పెట్టి అద్దాలు మూస్తే ఆవిరంతా ముందు అద్దానికి పట్టేస్తుంది. అద్దాలు దించితే మంచుగాలికి ఇడ్లీ చల్లారి గట్టిపడుతుంది, బాయోళ్లు ముట్టరు. నిరుడు హీటరు గాలి అద్దం మీదికి తిప్పేదాన్ని, కిందినుంచి పైకి మెల్లగా తేటపడేది. ఈ ఏడు అది లేదు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు. నెల రోజులు అట్లాగే నెట్టుకొచ్చాను. కొమురెల్లి తాత పాల క్యాను పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. నేను తుడిచిన చోట ఆయన లేడు. తుడవని చోట ఉన్నాడు.

బ్రేకు వేస్తే సాంబారు గిన్నె ముందుకు వచ్చి నా కాలి మీద పడింది. అది నాకు దవాఖానకు పోయాక తెలిసింది. అక్కడ ఆయన భార్య సోమక్క వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా చేయి పట్టుకుని "నీ కాలు గూడ కాలింది గదనే బిడ్డా, జర మందు పెట్టిచ్చుకో" అంది. తిట్టినా, కొట్టినా బాగుండేది. నేను ఆమె మొహం చూడలేక గోడకున్న సున్నం గీకుతూ నిలబడ్డాను.

హీటరు తీసేసింది నువ్వేనని నీ మీద వేయడం లేదు. అందరూ చేసేదే నువ్వూ చేశావు. అది ఎందుకు కావాలో నేనే చెప్పలేదు, బావకు చలి అని బొంకాను. నీకు తెలియదు కదా.

యమున

*

జనగామ,
జనవరి

అక్కా,

పైపులు ఈ పార్సిల్‌లో ఉన్నాయి. రెండూ అచ్చు అవే, వంపుతో సహా. కొత్త క్లిప్పులు పెట్టాను, కూలెంట్ డబ్బా కూడా పెట్టాను. బోరు నీళ్లు పోయనివ్వకు, లోపల తుప్పు పడుతుంది. సాంసన్‌కు చెప్పు.

ఇవి నిన్నో మొన్నో వచ్చినవి కావు. కాళేశ్వరం వెళ్లొచ్చిన వారమే వచ్చాయి. నా కౌంటర్ కిందే ఉన్నాయి. "దొరకలేదు" అని నీకు రాస్తున్నప్పుడు నా మోకాలికి తగులుతూనే ఉన్నాయి.

నీకు తెలియదు కదా అని రాశావు. నాకు తెలుసక్కా. ఆ రోజు భూపాలపల్లి వచ్చేసరికి బాగా తెల్లారింది. "బాయి గేటు కాడ ఇడ్లీలు మస్తుంటయంట, తినిపోదాం" అని స్వరూపమ్మే బండి ఆపించింది. అందరూ దిగారు. నేనూ తలుపు తీశాను. డిక్కీ ఎత్తి ఉన్న కారు, ఏపీ ముప్పై ఆరు నంబరు కనిపించింది. నాయిన కారు నాకు తెలియదా? తర్వాత నువ్వు కనిపించావు. కొంగు నడుముకు చెక్కుకుని, ఎవరితోనో నవ్వుతూ గరిటె తిప్పుతున్నావు. నేను తీసిన తలుపు మూశాను. కడుపులో నొప్పి అన్నాను. మఫ్లర్ ముక్కు దాకా లాక్కుని అటువైపు తిరిగి కూర్చున్నాను. వాళ్లు నీ ఇడ్లీలు తిని, చేతులు కడుక్కుని, మెచ్చుకుంటూ వచ్చి కూర్చున్నారు. "పాపం, మంచి ఇంటి ఆమె లెక్కనే ఉంది" అంది స్వరూపమ్మ.

ఆవిరి సంగతి నాకు అప్పుడు తట్టలేదని చెప్పుకుందామనుకున్నాను. అదీ అబద్ధమే. పొద్దుటి పని కోసమే హీటరు అడుగుతున్నావని నాకు ఆ క్షణమే అర్థమైంది. షాపు పెట్టుకున్నవాణ్ని, ఆమాత్రం తెలియదా? పైపులు లేకపోతే చలికాలమంతా నువ్వు గేటు దగ్గరికి పోవడం మానేస్తావు, నిశ్చితార్థం దాకా గండం గడుస్తుంది అనుకున్నాను. అందుకే పంపలేదు. నువ్వు మానేస్తావనుకున్నాను గానీ, తువ్వాలు పట్టుకుని పోతావని అనుకోలేదు.

ఆ ముసలాయన కాలు విరగ్గొట్టింది నేను. నీ కాలు కాల్చింది నేను. ఇది రాస్తుంటే పక్కన యుగేందర్ ఎవరి బండికో హీటరు పైపులు కోస్తూ "మనకెందుకు సేటూ" అంటున్నాడు. వాడికి తెలియక అంటున్నాడు. నేను తెలిసి చేశాను.

నా మీద ఉమ్మేసినా సరే, ఒక్క ముక్క రాయి.

భాస్కర్

*

భూపాలపల్లి

భాస్కర్‌కు,

పైపులు అందాయి. సాంసన్ నిన్న బిగించాడు. మీవాడు వేసిన అడ్డముక్క కోసి తీస్తే ఎర్రటి నీళ్లు పడ్డాయి. నువ్వు చెప్పిన కూలెంటే పోయించాను. ఇంజన్ కాసేపు నడిపి, రెండు పైపులూ పట్టి చూడమన్నాడు. రెండూ వెచ్చగా ఉన్నాయి. ఈరోజు పొద్దున అద్దం తేటగా ఉంది. కొమురెల్లి తాత పడిన చోటు దాటుతుంటే అంతా స్పష్టంగా కనిపించింది. ఇంతకు ముందు కనిపించి ఉంటే అని కళ్లనీళ్లు వచ్చాయి.

ఇంకో సంగతి. నువ్వు దాక్కున్నావని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు చెబుతావేమోనని చూశాను, అందుకే ఏమీ తెలియనట్టు రాశాను.

ఆ రోజు ఒకామె వచ్చి "ఒక్క ప్లేట్ ఇడ్లీ వద్దులే అక్కా, జనగామ సేటు కడుపునొప్పని దిగుతలేడు" అంది. తలెత్తి చూశాను. మఫ్లర్ చుట్టుకుంటే నాయిన నుదురు నీకు పోతుందారా? కడుపునొప్పి నిజమేననుకున్నాను ముందు. వాము వేసిన వేడినీళ్లు గ్లాసులో పోసి పట్టుకుని నీ దగ్గరికి బయలుదేరాను. రెండడుగులు వేశాక నువ్వు అద్దంలోంచి నన్ను చూసి తల దించుకున్నావు. అప్పుడు అర్థమైంది. నేను దగ్గరికి వస్తే నువ్వు ఏమైపోతావోనని ఆగిపోయాను. గ్లాసు ఆమె చేతికే ఇచ్చాను. వాళ్లు పోయేదాకా కారు వెనక్కి పోయి డబ్బాలు కడిగినట్టు నటించాను. నీకు సిగ్గు రాకూడదని నేను దాక్కున్నాను తమ్ముడూ. ఇంటికొచ్చి బావతో కూడా అనలేదు.

చలికి భయపడి మానేస్తాననుకున్నావు. మానేస్తే ఏం తింటామో ఒక్కసారి కూడా అనుకోలేదా?

సుమకు నా ఆశీర్వాదం చెప్పు. నిశ్చితార్థానికి మేం రాము. కోపంతో కాదు. హోల్‌సేల్ సేటు గోపాల్ అని ఒకాయన వస్తాడని వాళ్లు చూస్తుంటారు. అట్లాంటి మనిషి మా ఇంట్లో లేడు. ఉన్న మనిషికి ఆ చొక్కా మళ్లీ తొడిగించడం నా వల్ల కాదు.

చీర రాజమణినే కట్టుకోమను.

యమున

*

జనగామ,
మాఘం

అక్కా,

నిశ్చితార్థం జరగలేదు.

అందరూ వచ్చారు. హాలు నిండింది. సుమను పీట మీదికి తెచ్చే ముందు స్వరూపమ్మ "మేనత్త బొట్టు పెట్టాలె గదా, ఏరి మీ అక్క?" అని అడిగింది. నాకు అప్పుడైనా బుద్ధి రావాలి. "వ్యాపారం పని తెమలలేదంట" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

వియ్యంకుడు కాబోయే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "భూపాలపల్లికి పప్పు మా గోదాం నుంచే పోతది సేటూ. గోపాల్ సేటు షట్టరు ఎప్పుడు దించిండో మా గుమస్తాకు గూడ ఎరుకే" అన్నాడు. చూశావా అక్కా, ఇన్నేళ్లు వ్యాపారం చేస్తూ నాకు ఇది తట్టలేదు. అబద్ధమాడితే ఆడాను, సరుకు పంపేవాళ్లతోనే ఆడాను.

ఈలోపు స్వరూపమ్మ వచ్చింది. గట్టిగా కూడా అనలేదు. "గా కారుల ఇడ్లీలు అమ్మే ఆమెనే మీ అక్క అని మాకు ఎప్పుడో తెలిసింది. ఇడ్లీలు అమ్ముడు మాకు నామోషి గాదు. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరు అని చూసినం. తోడబుట్టినామెనే దాసిపెట్టినోళ్లు, రేపు మాకేం దాస్తరో మేమెట్ల నమ్మాలె? ఆమె వచ్చి పిల్లకు బొట్టు పెట్టిన్నాడు కబురు చేయుండ్రి, వస్తం" అంది. తెచ్చిన పళ్లేలు మళ్లీ బండిలో పెట్టించుకున్నారు. అభినవ్ ఒక్కడే వెనక్కి తిరిగి సుమ వైపు చూశాడు. వడ్డన మొదలుకాకుండానే జనం లేచిపోయారు. నేను హాలు మధ్యలో నిలబడ్డాను, కూర్చోవాలో బయటికి పోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి రాజమణికీ, సుమకూ అంతా చెప్పాను. కౌంటర్ కింద పైపులతో సహా. రాజమణి ఏడ్చింది. సుమ ఏడవలేదు. "అత్త కాలు కాలింది నా పెండ్లి కోసమా బాపు?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లింది. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి పోతుంది, అంతే.

రమ్మని అడగడానికే ఇదంతా రాశాననుకుంటావు. అక్కడే చచ్చిపోతున్నాను. అవసరం లేనప్పుడు దాచి, అవసరం పడ్డప్పుడు పిలిచేవాణ్ని అయ్యాను. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు. అడగను. సుమ తలరాత ఎట్లా ఉంటే అట్లా కానీ.

మొన్న వచ్చి దవాఖానలో కొమురెల్లి తాతను చూసి వెళ్లాను. నువ్వు లేని వేళ చూసుకుని వచ్చాను. నేనెవరో చెప్పబోతుంటే సోమక్కే "మీ మొకంల పోలిక తెలుస్తాంది బిడ్డా, కూసో" అంది. కూర్చోలేకపోయాను.

భాస్కర్

*

భూపాలపల్లి,
బుధవారం

తమ్ముడూ,

రమ్మని అడగనంటూ ఇంత పెద్ద ఉత్తరం రాశావు. అది అడగడం కాక మరేమిటిరా?

వస్తాను. నీ కోసం కాదు. నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ ఆ మఫ్లరే గుర్తొస్తుంది, అది ఎప్పుడు పోతుందో నేను చెప్పలేను. సుమ కోసం వస్తాను. నీ సిగ్గుకూ నా సిగ్గుకూ మధ్య ఆ పిల్ల నలగడం ఎందుకు? నేను మొదట్లోనే ఇడ్లీలు అమ్ముతున్నానని రాసి ఉంటే నువ్వు ఆ కారు తలుపు మూసేవాడివి కాదేమో. మూసేవాడివేమో కూడా. ఇక ఆ లెక్క తీయడం నాకు ఇష్టం లేదు. కొమురెల్లి తాత నడిచిన రోజు అందరం కాస్త ఊపిరి పీల్చుకుందాం. కర్ర పట్టుకుని నిలబెట్టొచ్చని డాక్టరు అన్నాడు.

మానుకోట వాళ్లకు కబురు చెయ్యి. ముహూర్తం పన్నెండు దాటాక పెట్టించు. ఆ పొద్దున నేను గేటు దగ్గర అమ్మకం మానను. పనిలోంచి వచ్చినవాళ్లు ఆకలితో వెతుక్కుంటారు. అమ్మకం అయ్యాక, సోమక్క వాళ్లకు టిఫిన్ ఇచ్చి, అటునుంచి అటే బావను ఎక్కించుకుని అదే కారులో బయలుదేరతాను. ఇంటికి పోయి కడిగే వ్యవధి ఉండదు. సాంబారు గిన్నె, బకెట్టు, గరిటెలు, ఇడ్లీ డబ్బాలు, అన్నీ కారులోనే ఉంటాయి. బావ రోజూ వేసుకునే చొక్కాతోనే వస్తాడు. చీర మాత్రం పంపించు, దారిలో కట్టుకుంటాను. సుమ ముందు నేను బాగుండాలి.

ఫంక్షన్ హాలు వెనకాల ఆపను. మెట్ల ముందు, అందరూ దిగే చోట ఆపుతాను. నువ్వు రావాలి. పనివాళ్లను పంపకు, రాజమణిని పంపకు. నీ చేతులతో డిక్కీ ఎత్తి, ఆ గిన్నెలన్నీ ఒక్కొక్కటే బయటికి దించాలి. మానుకోట వాళ్లు చూస్తుండగా దించాలి. పట్టుచొక్కా మీద సాంబారు పడుతుంది, పడనీ. ఈ గిన్నెలు ఎవరివని వాళ్లు అడగకముందే నువ్వే చెప్పాలి. ఏం చెప్పాలో నేను రాసివ్వను.

నువ్వు చెప్పింది మాకు వినపడ్డాక దిగుతాం. అప్పటిదాకా బావా నేనూ కారులోనే కూర్చుని ఉంటాం.

అక్క